అందరికీ ఒకటే పాస్‌వర్డ్

బస్సు ఇంకా ఆగనే లేదు, సునీల దుంకింది. "ఓ పిల్లా, కాళ్లిరుగుతయ్!" అని కండక్టర్ అరిచిండు. ఆమె చెవులకెక్కలే. అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నది.

పొద్దుగాల పక్కింటి అమృతమ్మ వాళ్లింటికి కవిత ఫోన్ చేసింది, బెంగుళూరు నుంచి. సునీల ఉరుక్కుంట పోయి ఎత్తితే ఒకటే మాట. "ఇగ నా మొఖం చూడకు." టక్కున పెట్టేసింది.

కొత్వాల్‌గూడ చెన్నయ్య బిడ్డ కవిత. పొద్దున్నే పాల క్యాన్‌తోటి బస్సెక్కి, హోటల్ల పాలు పోసి, అటుకెల్లే కాలేజీకి వచ్చేది. డిగ్రీ మూడేండ్లు సునీల పక్కనే కూసున్నది. బెంగుళూరుల ఎంసీఏ సీటు ఇంటర్వ్యూకు పోయే దినం చెప్పు తెగితే, సునీల తన చెప్పులిచ్చి వట్టి కాళ్లతోటి ఇంటికి నడిచింది. ఆ సంగతి వాళ్లిద్దరికే ఎరుక.

ఇప్పుడు అందరికీ ఎరుకైంది. వాళ్ల బ్యాచోళ్లకు ఇంటర్నెట్‌ల ఒక దోస్తుల పేజీ ఉన్నది. మెయిల్ ఐడీతోటి దాంట్ల ఎవరేం రాసినా అందరికీ కనిపిస్తది. మధ్యాహ్నం కాలేజీ పక్క నెట్ సెంటర్ల సునీల అది తెరిచి చూస్తే, తన పేరు మీదనే ఉన్నది: "కవిత మేడమ్ ఇంటర్వ్యూకు ఏసుకున్న చెప్పులు నావే. ఇంకా వాపస్ ఇయ్యలే. పాల క్యాన్ మోసినోళ్ల బుద్ధి ఏడికి పోతది?"

సునీల రాయలే! కవితకు రాసిన మెయిల్‌ల ఒకసారి "ఇంటర్వ్యూకు ఏసుకపోయిన నా చెప్పులు ఇంకా ఉన్నయా, తెగినయా?" అని నవ్వుకుంట అడిగింది, గంతే. అంటే ఎవడో ఆ మెయిల్ చదివిండు.

బస్సు దిగి సక్కగ బాలమల్లు ఎస్టీడీ బూత్‌లకు పోయింది. ఆ బూత్‌ల ఉన్న కంప్యూటర్‌ల శంషాబాద్ పోరగాళ్లందరికీ, కవితకు గూడ, మెయిల్ ఐడీలు తెరిచి ఇచ్చింది ఆయననే.

"అన్నా, నా ఐడీల ఎవరు దూరిండ్రు?"

"నాకేం ఎరుకమ్మా? పాస్‌వర్డ్ నీకే తెల్వాలె."

"పెట్టింది నువ్వే గదా!"

"ఆ, పెట్టిన. మర్చిపోయి నా పానం తీస్తరని బూత్ పేరే పెట్టిన, అందరికీ."

"అందరికంటే?"

"అందరికంటే అందరికీ. జర ఆగు, మొన్న రాజశేఖర్ నీ దాంట్ల కూసున్నడు. 'సునీలనే చూడమన్నది' అంటే నేనే తెరిచి ఇచ్చిన."

'ఇది నీ తాళం, ఎవరికీ చెప్పకు' అని ఒక్కొక్కలకు చెవుల చెప్పిండు మహానుభావుడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలే. అందరి దగ్గర ఒకటే తాళం ఉన్నదని ఇన్ని దినాలు ఎవరికీ తెల్వలే.

రాజశేఖర్ పక్క బండి దగ్గర చాయ్ తాగుతున్నడు. డిగ్రీల సునీల వాళ్ల బెంచి ఎనుకనే కూసునేటోడు. కవిత వంక చూసి చూసి మెడ పట్టేసింది గానీ, ఆమె ఒక్కసారి గూడ తిరిగి చూడలే.

"ఏందిరా ఆ రాసుడు?"

"మజాక్ సునీలా. జర నవ్వుకుందామని."

"నవ్వుడైతే నీ పేరు మీద రాయక పోయినవ్?"

"నా పేరు పెడితే కవితకు తగుల్తదా?" అని పండ్లు ఇకిలించిండు.

"నేనే రాసిన అని రాయి. ఇప్పుడే, నా ముంగట."

"రాస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీది ఇజ్జత్, నాది కాళ్లు తుడిచే గోనెపట్టనా?"

"పో, నువ్వే రాసుకో పో. ఎవడు నమ్ముతడో చూద్దాం!"

సునీల గిర్రున తిరిగి బూత్‌లకు పోయి కంప్యూటర్ ముంగట కూసున్నది. రాజశేఖర్ ఐడీ కొట్టింది, కింద బూత్ పేరు కొట్టింది. తెరుచుకున్నది. దోస్తుల పేజీల రాసింది: "ఇది రాజశేఖర్ పేరు. రాస్తున్నది సునీల."

వాడు చాయ్ గ్లాస్ పడేసి ఉరికొచ్చిండు. "ఏయ్, నా దాంట్ల నువ్వెట్ల పోతవ్? దొంగతనం గది!"

"ఇప్పుడు ఎరుకైందా?"

ఇగ కవిత ఐడీ కొట్టింది. అక్కడ చెయ్యి ఆగింది. ఇంకింత కోపమొచ్చి మొత్తానికే మాట్లాడకపోతే? కానీ పక్కోళ్ల పేరు మీద ఎన్ని రాసినా కవిత నమ్మది. తన పేరు మీద చూస్తేనే నమ్ముతది. బూత్ పేరు కొట్టింది. తెరుచుకున్నది.

"కవితా, ఇది నీ పేరు. రాస్తున్నది నేను. నీ పేరు మీద నేను రాయంగ, నా పేరు మీద ఇంకోడు రాయడా? నమ్మితే ఫోన్ చెయ్యి."

తెల్లారి ఫోన్ లేదు. మర్నాడు గూడ లేదు. సునీల ఇంట్ల గిన్నెలు ఎత్తి పడేసుకుంటనే తిరిగింది. ఆదివారం చర్చికి తయారైతుంటే అమృతమ్మ కేకేసింది. "సునీలా, బెంగుళూరు!"

"నా పేరుతోటి నువ్వెట్ల రాస్తవే?" అవతల కవిత అగ్గి మీద గుగ్గిలం. "చూసి నా ఒళ్లంత జలదరించింది."

"నాకు గూడ గట్లనే ఐంది."

"రాజిగాడేనా?" అన్నది కవిత.

"వాడే."

"దసరాకు వస్తున్న. నీ చెప్పులు తెస్తున్న."

"నాకెందుకే ఆ పాత చెప్పులు?"

"నీకు గాదు. వానికి."