అన్నకి తోడు

మా నాన్న పోర్టులో కళాసీ. ఇల్లు గాజువాకలో. డెబ్బైల మొదట్లో, నాకు నాలుగేళ్లప్పుడు, ఆరేళ్ల మా అన్నని బడిలో వెయ్యబోతే వాడు గుమ్మం పట్టుకుని వదల్లేదు. దాంతో పెళ్లికొడుక్కి తోడు పెళ్లికొడుకులా వాడి వెంట నన్నూ పంపారు.

అప్పట్లో బడిలో చేర్చుకోవాలంటే కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఈడొచ్చినట్టు. అన్నకి అందింది. నా వేళ్లు నడినెత్తి దాటలేదు.

"గుంటడు ఒక్కడూ కూకోడు బాబూ. దీన్నీ రాసీండి," అన్నాడు నాన్న. మేస్టారు నాకూ ఆరేళ్లని రాసేశారు.

ఇక చూడండి నా అవస్థ. అందరూ గుణింతాలు చదువుతుంటే నేను నిద్రకి తూలేదాన్ని. బలపం వేళ్లలో నిలిచేది కాదు. ఏడాది చివర మేస్టారే నాన్నని పిలిపించి, "దీన్ని ఒకటిలోనే ఇంకో ఏడు ఉంచుదాం, అందుకుంటుంది," అన్నారు. తలుపు పక్కన నిలబడి, ఉంచెయ్యమని మనసులో దండాలు పెట్టుకున్నాను.

"మరి ఆడికి తోడెవులు బాబూ?" అన్నాడు నాన్న.

రెండుకి వెళ్లాను. అలాగే మూడు, నాలుగు. ఒకటిలో అర్థం కానిది పై తరగతుల్లో ఎవరూ మళ్లీ చెప్పరు. వెనక బెంచీలో అన్న వీపు చూస్తూ కూచునేదాన్ని. ఏడుకొచ్చాక వాడికి స్నేహితులు దొరికారు, నన్నొదిలేసి ముందు నడిచేవాడు. నేను మాత్రం వాడి తరగతిలోనే ఉండిపోయాను. ఈలోగా మా చెల్లి, చెవి అందాకే బడికెళ్లి, క్లాసులో ఫస్టొచ్చింది.

"సిన్నదానికి బుర్రుంది. పెద్దదానికే సదువబ్బనేదు," అని అమ్మ వాడంతా చెప్పేది. నాకు ఒళ్లు మండేది.

పదో తరగతి అన్న గట్టెక్కాడు. నేను లెక్కల్లో తప్పాను. ఆ వేసవిలో ఏమీ తోచక చెల్లి పాత లెక్కల పుస్తకాలు మొదట్నుంచీ తిరగేశాను. అన్నీ అర్థమయ్యాయి. భిన్నాలు కూడా. సంతోషం పట్టలేక వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చాను.

సెప్టెంబరు పరీక్షకి కడతానని నాన్ననడిగాను. సెంటరు టౌన్లో, బస్సెక్కి వెళ్లాలి. అన్న అప్పటికే ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట పనికి కుదిరాడు, వాడికి తీరదు. నాన్న బీడీ ఆర్పి నన్ను దగ్గరికి పిలిచాడు. ప్రేమగానే అడిగాడు.

"ఒక్కర్తివీ ఎలాగెల్తావమ్మా? నీకు తోడెవులు?"