చూడకుండా ఉన్న రెండు రోజులు

ఆన్‌లైన్‌లో అమ్మే ఎలక్ట్రానిక్స్ వస్తువులకు ఎంత ధర పెడితే జనం కొంటారో పరిశోధించి చెప్పడం నా ఉద్యోగం.

పుత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో కిటికీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. పక్కసీట్లో నగరి మరమగ్గాల్లో పనిచేసే ఒకామె, విరిగిన చేతికి పుత్తూరు కట్టుతో ఉంది. ఫోన్‌ను ఒళ్లో బోర్లించి, దాని మీద రెండో అరచేయి ఆనించింది.

"దీంట్లో ఒక టీవీ ఉండాదన్నా. సూస్తే రేటు పెరుగుతాది," అంది. "మా నాయనకి సూపు తగ్గింది, పెద్దది అడిగినాడు. దినామూ సూసినాను, దినామూ పెరిగింది. అంగట్లో అయినా అంతే గదా, మనసైన చీరని రెండోసారి సూస్తే బేరం పోయినట్టే. అందుకే రెండు దినాలుగా సూళ్లేదు. రేపటికి తగ్గుతాదా అన్నా?"

రెండు రోజులు చూడటం మానేసినవాళ్ల గురించి మా కంపెనీలో ఒక నియమం ఉంది: మూడో రోజు వాళ్లే వస్తారు, ధర దించవద్దు. అది రాసింది నేనే. బయట ఎవరికీ చెప్పనని సంతకం పెట్టిందీ నేనే.

లేచి వేరే సీటుకి వెళ్దామంటే దారికి అడ్డంగా ఆమె కట్టు కట్టిన చెయ్యి ఉంది.

"తగ్గొచ్చు," అన్నాను.

నా మాట నమ్మి, తిరుపతి దాకా ఆమె ఆ ఫోన్‌ను తిప్పనేలేదు.