నరహరి సారు వెనక బల్ల మీద కూర్చున్న రోజు

ఈ ఉదయం ఇంటికి వెల్ల వేయడానికి వచ్చినవాళ్లు గోలెంలోని సున్నపురాళ్ల మీద నీళ్లు పోశారు. బుసబుసమని పొంగిన ఆ చప్పుడుకు, ముక్కుకు తగిలిన ఆ ఘాటైన ఆవిరికి నాకు ఎల్లారెడ్డిలో నరహరి సారు ఇంటి పెరడు గుర్తొచ్చింది. నాకు రసాయన శాస్త్రం అబ్బింది అక్కడే.

మాది కామారెడ్డి. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. పట్నంలో కాలేజీలో చేరితే పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఏడాదంతా అర్థంకాని మాటలు రాసుకుని, పరీక్ష తప్పి ఇంటికి వచ్చాను. మా బాపు నన్ను ఎల్లారెడ్డి తీసుకువెళ్లి సారుకు అప్పగించాడు. ఆయన కూడా పట్నంలో ఒక కాలేజీలో పనిచేసినవారే. తరగతిలో తెలుగులో వివరిస్తున్నారని పైవాళ్లు అభ్యంతరం పెడితే, ఉద్యోగం వదిలి సొంత ఊరికి వచ్చేశారు.

"నీకు రానిది ఇంగ్లీషు. శాస్త్రం కాదు," అన్నారు మొదటిరోజే. సున్నం మీద నీళ్లు పోయించి, "ఏమైంది? మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు," అన్నారు. చెప్పాను. "గదే పాఠం. ఇగ దానికి ఇంగ్లీషు మాటలు నేర్చుకుందాం."

ఆ వేసవంతా అట్లాగే చదివి పరీక్ష పాసయ్యాను. పై చదువులు కూడా ముగించి, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, నేను తప్పిన ఆ కాలేజీలోనే అధ్యాపకుణ్ణయ్యాను.

అప్పటికే సారును దగ్గు పట్టుకుంది. పట్నం దవాఖానాకు వచ్చినప్పుడు, నా పాఠం వినాలని అడిగి వెనక బల్ల మీద కూర్చున్నారు. కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం నీళ్లలో కరిగితే గ్లాసు చల్లబడడం చూపిస్తున్నాను. లింగంపేట నుంచి వచ్చిన యాదగిరి లేచి, "సార్, గ్లాసుల ఉన్న వేడి యాడికి పోయింది?" అని అడిగాడు. అంత మంచి ప్రశ్న ఆ ఏడాది ఎవరూ అడగలేదు. కానీ వరండాలో ప్రిన్సిపాలు నడుస్తున్నారు. ఇంగ్లీషులో అడగమని ఇంగ్లీషులోనే అన్నాను. అతడు ఒక మాట మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎవరో నవ్వారు. అతడు కూర్చున్నాడు.

క్లాసయ్యాక సారు, "నీకు ఇంగ్లీషు మంచిగొచ్చింది," అన్నారు. "ఆ పిలగానికి జవాబు చెప్పు."

"రేపు చెప్త సారూ."

సారు కామారెడ్డి రైలెక్కారు. మర్నాడు యాదగిరి రాలేదు. వారం తర్వాత హాస్టలుకు వెళ్తే, పెట్టె తీసుకుని ఊరికి వెళ్లిపోయాడన్నారు. ఆ సంగతి సారుకు రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

రెండు నెలలకు సారు పోయారని కబురొచ్చింది. ఎల్లారెడ్డి వెళ్లాను. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, "ఆఖరిదాంక నిన్నే యాది జేసిన్రు బిడ్డా. ఆ పిలగానికి జవాబు చెప్పినవో లేదో నువ్వు రాస్తవని ఎదురుసూసిన్రు," అన్నది.

తిరుగుదారిలో లింగంపేటలో దిగి యాదగిరి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "కూలికి బొంబాయి పోయిండు సారూ. సదువు తనతోని కాదన్నడు," అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. తెలుగులో అడిగినా, ఉర్దూలో అడిగినా ముందు జవాబు చెప్పి, ఇంగ్లీషు మాట తర్వాత నేర్పాను. నా వల్లే గట్టెక్కామని చాలామంది అంటారు. కానీ ఆ రోజు, తప్పు నీ కొడుకుది కాదు, నాదని ఆ తల్లికి చెప్పకుండానే బస్సెక్కాను. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.