ఉన్నారమ్మా, వస్తున్నారు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళ దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోలేను. ముప్పై ఏళ్ళు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేశాను. టైము, తేదీ, సంతకం లేని ఏ ఫలితాన్నీ మా దగ్గర ఒప్పుకునేవారు కాదు. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. ఎవరైనా "మా ఇంట్లో ఏదో చప్పుడవుతోందండీ" అని మొదలుపెడితే, ప్లంబర్‌ని పిలిచారా అని అడిగే రకం నేను.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంకో సిగ్గు కూడా ఉంది, అది దీనికంటే పెద్దది. జరిగింది చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి.

మేముండేది కెనడాలో, మిస్సిసాగాలో. పిల్లలు ఎవరి సంసారాలు వాళ్ళు చూసుకుంటున్నారు. మేడ మీద రెండు గదులు ఖాళీ. ఒక దాంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంది, దాని మీద నేను చీరలు ఆరేస్తాను.

కాలేజీలకు మన పిల్లలు తండోపతండాలుగా వచ్చిన రోజులవి. బస్సెక్కితే తెలుగు, కాఫీ షాపులో తెలుగు, కిరాణా కొట్టులో ట్రాలీలు తోసేవాళ్ళ నోట తెలుగు. పార్టీల్లో మావాళ్ళంతా వాళ్ళ గురించే మాట్లాడేవారు. ఒకరిని ఇంట్లోకి రానిస్తే వెనకాల పదిమంది దిగుతారని, వంటింటిని ఆగం చేస్తారని. నేనూ తల ఊపేదాన్ని. ఊపడమేమిటి, నాలుగు మాటలు నేనే అందించేదాన్ని.

అఖిల అలా వచ్చిన పిల్లే. ఉప్పల్‌లో మా అక్కయ్య పక్కింటివాళ్ళ అమ్మాయి. సొంతూరు వరంగల్ దగ్గర. "రూము దొరికేదాకా పదిహేను రోజులు ఉంచుకోవే, నెమ్మదైన పిల్ల" అని అక్కయ్య ఫోన్ చేసింది. చూద్దాంలే అన్నాను.

జనవరిలో ఒక ఆదివారం రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చింది. మావారు ఇంట్లో లేరు. ఒంటికి రెండు సైజులు పెద్దదైన జాకెట్టు, కాళ్ళకు నల్ల బూట్లు. రోడ్ల మీద చల్లే ఉప్పు వాటి చుట్టూ తెల్లగా చారలు కట్టింది. గుమ్మంలో బూట్లు విప్పి, నేల పాడవకుండా కింద ఒక కాగితం వేసి పెట్టుకుంది. అది చూసి మెచ్చుకున్నాను కూడా.

పప్పుచారు అన్నం మారడిగి పెట్టించుకుంది. అడగాలని వచ్చి అడగలేకపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు మెట్ల వైపు చూసి మెల్లగా అడిగింది.

"పైన ఎవరన్న ఉన్నరా ఆంటీ?"

"ఉన్నారమ్మా, వస్తున్నారు" అన్నాను.

మావారి అన్నయ్య వాళ్ళు వస్తున్నట్టు, రెండు నెలలుంటారన్నట్టు తర్వాత అల్లాను. ఎవరూ రావడం లేదు. ఫిబ్రవరిలో మేమే పది రోజులు మెక్సికో వెళ్తున్నాం, టికెట్లు కూడా కొనేశాం. ఇల్లంతా ఖాళీగా పెట్టి తాళం వేసుకుని వెళ్ళడానికి నాకేమీ అనిపించలేదు. ఒక పిల్ల ఉంటుందంటే మాత్రం ఇరుకనిపించింది.

మేం వెళ్ళిన ఊరు మెరిదా. స్పెయిన్ వాళ్ళు వందల ఏళ్ళ కిందట కట్టిన ఊరు. పేటకో చర్చి, చర్చి ముందు ఒక చిన్న పార్కు. మా హోటల్‌కు దగ్గర్లో ఉన్నది సాంటా అనా పేట పార్కు. పెద్దపెద్ద చెట్లు, వాటి కింద సున్నం వేసినట్టు తెల్లటి సిమెంటు కుర్చీలు. అవి జంట కుర్చీలు, ఒకదాని పక్కనొకటి ఎదురుబొదురుగా అతికించి ఉంటాయి. కూర్చున్న ఇద్దరి ముఖాలూ దగ్గరగా ఉంటాయి కానీ ఒళ్ళు తగలదు. వెనకటి కాలంలో పెళ్ళికాని జంటల కోసం అలా చేశారని హోటల్ అమ్మాయి చెప్పింది.

మూడో రోజు పొద్దున అక్కడ కూర్చున్నాం. మావారు పార్కు పక్కన బజారులో పుచ్చకాయ రసం తెస్తానని లేచారు. చర్చి గంట పది కొట్టింది. నేను నా స్కార్ఫ్ తీసి ఆయన కుర్చీలో వేశాను. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ పడేసి సీటు పట్టుకున్న తరం మాది, ఆ అలవాటు ఎక్కడికెళ్ళినా పోదు.

చెప్పు కరిచి మడమ దగ్గర పొక్కింది. వంగి చూసుకుంటున్నాను. అప్పుడు ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఇక్కడ ఎవరన్న ఉన్నరా ఆంటీ?"

"ఉన్నారమ్మా, వస్తున్నారు" అన్నాను, తలెత్తకుండానే. ఎక్కడ ఉన్నానో, ఏ భాషలో అడిగారో ఆ క్షణంలో నాకు తట్టలేదు. నాలుక మీద సిద్ధంగా ఉన్న మాట వచ్చేసింది.

నా చూపు నేల మీదే ఉంది. అక్కడ నల్ల బూట్లు కనిపించాయి. చుట్టూ ఉప్పు చారలు. కొసల్లో తడి.

తలెత్తాను. ఎవరూ లేరు. ఎదురుగా ఒకాయన ఆకులు ఊడుస్తున్నాడు, అంతే. చెమటలు కారే ఎండ. ఆ ఊళ్ళో మంచు బూట్లు వేసుకునేవాడు ఉండడు.

మావారు రెండు గ్లాసులతో వస్తూ, "ఎవరికి చెప్తున్నావు వస్తున్నారని?" అని అడిగారు. నా మాట ఆయనకు దారి అవతలికి వినిపించిందట. అడిగిన గొంతు వినలేదు. ఎండ దెబ్బేమోనని నన్ను హోటల్‌కు తీసుకొచ్చేశారు. నేనూ అదే అనుకున్నాను. సరిగ్గా నీళ్ళు తాగలేదు, వయసైంది, మనసులో ఏదో ఉంది. ల్యాబ్‌లో పనిచేసినదానికి కారణాలు దొరకడం కష్టం కాదు.

రోమింగ్ దండగని ఫోన్లలో డేటా ఆపేసుకున్నాం. హోటల్ వైఫై అందగానే అఖిల పెట్టిన మెసేజ్‌లు వరసగా వచ్చి పడ్డాయి.

మొదటిది పదకొండూ ఐదుకి. మెరిదాలో పది దాటితే మిస్సిసాగాలో పదకొండు దాటుతుంది. "ఆంటీ, డోర్ దగ్గరనే ఉన్న. వస్తున్నరు అన్నరు కదా, ఆగుతున్న."

పదకొండూ ఇరవైకి రెండోది. "ఆంటీ, రెండు సూట్‌కేసులు మీ గరాజ్‌లో నాలుగు రోజులు పెట్టుకుంటనని అడగనీకి వచ్చిన. ఉన్నచోట ఖాళీ చెయ్యమన్నరు. నేను ఉండ ఆంటీ, సూట్‌కేసులే."

పదకొండూ యాభైకి చివరిది. "పర్లేదు ఆంటీ, పోతున్న. ఇబ్బంది పెట్టిన, సారీ."

మా గుమ్మానికి మాట్లాడే బెల్లు లేదు, కెమెరా లేదు. పాతకాలపు నొక్కే బెల్లు. తాళాలు మా దగ్గరే ఉన్నాయి, ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇంట్లో టీవీ, రేడియో అన్నీ నా చేత్తో ఆపి వచ్చాను.

మెసేజ్‌లు చదివానని ఆ పిల్లకు నీలం టిక్కులు కనిపించే ఉంటాయి. ఫోన్ బోర్లా పెట్టేశాను. మిగిలిన వారం రోజులూ మావారితో కలిసి గుళ్ళూ గోపురాలూ చూసినట్టు వాళ్ళ చర్చిలూ పిరమిడ్లూ చూశాను. ఆ పార్కు వైపు మాత్రం వెళ్ళలేదు.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందు మంచు గడ్డకట్టి ఉంది. తలుపు ముందు ఒక్కచోటే, చలికి కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డ అడుగులు ఒకదాని మీద ఒకటి పడి ఐసై ఉన్నాయి. పక్కన సూట్‌కేసు చక్రాల గీతలు. మావారు పార తెచ్చి గీకుతూ, "ఎవరో పాపం చాలాసేపు నిలబడ్డారే" అన్నారు.

అప్పుడు చెప్పాను, జనవరిలో ఆ ఆదివారం ఆడిన అబద్ధంతో సహా. బూట్ల గురించి గానీ గొంతు గురించి గానీ ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అని మాత్రం అడిగారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నా ముఖం చూడకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడ్రస్ కనుక్కుని వెళ్ళాం. మా పక్క ఊరు బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్. తొమ్మిదిమంది ఉంటున్నారు, వంతుల వారీగా పడుకుంటున్నారు. అఖిల మెట్లెక్కి పైకొచ్చింది. ఒక చెవి అంచు నల్లగా కమిలి ఉంది. చలికి అలా అవుతుంది.

మావారు "సామాను తెచ్చుకో తల్లీ, మనింటికి వెళ్దాం" అన్నారు. "వద్దంకుల్, ఇక్కడ అలవాటైంది, పనికి కూడా దగ్గర" అంది మర్యాదగా.

ఇక నేను దాచదలచుకోలేదు. "ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరమ్మా. మేము మెక్సికోలో ఉన్నాం. నువ్వు విన్నది ఏంటో నాకు తెలియదు" అన్నాను.

కోపం తెచ్చుకుంటే బాగుండేది. తెచ్చుకోలేదు. నన్ను ఓదారుస్తున్నట్టు మాట్లాడింది.

"ఎందుకాంటీ గట్లంటరు? బెల్లు కొట్టి ఎవరన్న ఉన్నరా అన్న. మీరు లోపల్నుంచి ఉన్నారమ్మా, వస్తున్నారు అన్నరు. మీ గొంతు నాకు తెల్వదా? మీకు వీలు గాలె, గంతే. నేనేం అనుకోలె."

రుజువు చూపించాలనుకున్నాను. ఫోన్ తీసి ఫోటోలు తెరిచాను. మొదటి ఫోటోలో నేను పెద్ద టోపీ పెట్టుకుని, ఎండలో, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. కమిలిన ఆ చెవి నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆ పిల్లకు చూపించకుండానే ఫోన్ ఆపి బ్యాగులో పెట్టేసుకున్నాను.

ఆ పిల్ల చదువు ముగించి ఇప్పుడు ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. పండగలకు మెసేజ్ పెడుతుంది. అంత దూరాన మెరిదా పార్కులో నేనన్న మాట తాళం వేసిన నా ఇంట్లోంచి ఎలా వినిపించిందో, ఆ బూట్లు నా ముందుకు ఎలా వచ్చాయో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుబట్టలేదు. అఖిల మాత్రం నేను లోపలే ఉండి తలుపు తీయలేదని నమ్ముతోంది. అది నిజం కాదని చెప్పడానికి నాకు మళ్ళీ నోరు రాలేదు.