పంటికి బంక పట్టిన వైనం

నందిగామలో పళ్ళ డాక్టరమ్మకి పంటికి బంక ఎలా రాయాలో నేర్పింది నేనే. జగ్గయ్యపేటలో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. వాళ్ళందరికీ చెప్పింది కూడా నేనే కాబట్టి.

పై వరసలో ముందు పన్ను మూల విరిగింది. నల్లి బొక్క కొరుకుతుంటే విరిగిందని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాను. నిజానికి పాల ప్యాకెట్టు. తినడానికేం ఇబ్బంది లేదు గానీ, 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది. ఆదివారం మా పెన్షనర్ల సంఘం సభలో వందన సమర్పణ నాది. ఇన్నేళ్ళలో నా చేతికి మైకు ఇవ్వడం ఇదే మొదటిసారి. ఇంట్లో "సభాధ్యక్షులకు, సంఘ సభ్యులకు" అని సాధన చేస్తుంటే వీధిలో వెళ్ళే ఆటో ఆగిపోయింది. సరే, ఆ ఆటో పక్కింటికి వచ్చిందిలెండి.

మా ఆవిడ నన్ను బస్సెక్కించి నందిగామ తీసుకెళ్ళింది. డాక్టరమ్మకి మా మనవరాలి వయసుంటుంది. పంటి మీద నీలం మందేదో పూసి కడిగింది, గాలి కొట్టి ఆరబెట్టింది, చిన్న కుంచెతో బంక తీసుకుని రుద్దడం మొదలెట్టింది. పూసి వదిలెయ్యక ఈ రుద్దుడేమిటని అడిగాను. తెరిచిన నోట్లోంచి "ఆఆ" అని మాత్రమే వచ్చింది. అయినా ఆవిడకి అర్థమైంది.

"రుద్దితేనే లోపలికి ఇంకుద్ది తాతగారూ. తర్వాత గాలి కొట్టి పల్చన చేసి లైటు పెడతా. అప్పటిదాకా తడి తగలకూడదు. నాలిక కదపమాకండి."

లైటు అందుకోవడానికి అటు తిరిగింది. బంక రుచి ఎలా ఉంటుందోనని నాకు సందేహం వచ్చింది. చివరతోనే, ఒక్కసారి, నాలుక ఆనించాను. కొత్త ప్లాస్టిక్ బిందెలో నీళ్ళలా ఉంది.

లైటు పెట్టాక, పైన పంటి రంగు ముద్ద పెట్టి, పన్ను ముత్యంలా దిద్ది పంపింది. మర్నాడు సాయంత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీతో పాటు ఆ ముత్యాన్ని మింగేశాను.

శనివారం మళ్ళీ వెళ్ళాం. "నీ సరుకు సరైంది కాదమ్మా," అన్నాను, రెండు ఈలలతో.

"నాలిక తగిలిందా?"

"అబ్బే."

"తగిలే ఉంటదమ్మా," అంది మా ఆవిడ. "పొయ్యి మీద కూర ఉడుకుతుంటేనే ఏలు పెట్టే మనిషి. రుచి చూడకుండా ఎట్టా ఉంటారు?"

"ఉమ్మి తగిలితే పట్టదు తాతగారూ. ఈసారి కూడా తగిలిందా, రేపు ఈలేసుకుంటా మాట్లాడాల్సిందే."

ఇక్కడ ఒప్పుకోవాలి. నేను ఆవిడకేమీ నేర్పలేదు. ఆవిడే నాకు నేర్పింది. అయితే రెండోసారి, రుద్దినంతసేపూ, గాలి కొట్టినంతసేపూ, లైటు వెలిగినంతసేపూ నేను మౌనయోగిలా కూర్చున్న మాట మాత్రం నిజం.

పన్ను నిలిచింది. ఆదివారం ఒక్క ఈలైనా లేకుండా అందరికీ వందనాలు చెప్పాను. మైకు వదలబుద్ధి కాక, ఆ పంటి కథ కూడా ఎత్తుకుని, మౌనయోగిలా ఎలా కూర్చున్నానో చెప్పి, మనిషికి నిగ్రహం ఎంత అవసరమో నాలుగు ముక్కలు చెబుతున్నాను.

ముందు వరసలోంచి మా ఆవిడ లేచింది.

"యోగీ లేదు, పాడూ లేదండి. ఆ పిల్ల నాకు గ్లౌజు తొడిగింది. పనయ్యిందాకా ఈయన నాలిక గుడ్డతో పట్టుకుని నేను కూర్చున్నా."