ఎగిరే మేక

ఈ సంగతి రాసిపెట్టకుండా పోతే మా అవ్వ మాట మళ్లీ అబద్ధమైపోతుందన్న భయం మొన్న బోధన్ బస్టాండు బయట చెరుకురసం బండి దగ్గర పట్టుకుంది నాకు. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. ఎండ మండిపోతోంది. గ్లాసు కోసం నిలబడి, ఊరికే ఉండలేక, "అన్నా, ఈ చెరుకు ఏ ఊరిది?" అని అడిగాను. బండాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈడ యాడున్నదక్కా చెరుకు? మహారాష్ట్రకెల్లి లారీల వస్తది. ఐసు ఎయ్యాల్నా వద్దా, అది జెప్పు ముందు" అన్నాడు. వెయ్యమన్నాను. నా చిన్నతనంలో బోధన్‌లో చెరుకు కొనడమంటే మంజీరలో మోకాలిలోతున నిలబడి నీళ్లు కొనుక్కున్నట్టు. అడిగినవాళ్లను చూసి నవ్వేవారు. ఇప్పుడు పక్క రాష్ట్రం నుంచి వచ్చిన గడను, చెరుకు చేలల్లో పుట్టిపెరిగిన నేను, ఐసుతో తాగుతున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే అవ్వ గొంతు వినిపించినట్టయింది: "చెరుకు కోసం ఏడుస్తున్నవా పోరీ? అది నిన్నగాక మొన్నొచ్చింది!" అందుకే ఇది చెరుకు పోయిన కథగా మాత్రమే రాస్తే సరిపోదు. చెరుకు వచ్చినప్పుడు పోయినదాని కథ కూడా కావాలి.

మా ఊరు బోధన్‌కు దగ్గర, మంజీర వైపు. నేను కళ్లు తెరిచేసరికి ఊరి చుట్టూ చెరుకే. ఇంటి వెనక తలుపు తీస్తే ఆకుపచ్చ గోడ. చలికాలం వచ్చిందంటే బండ్ల కిర్రుమోత, ఎడ్ల మెడగంటలు, గడలు నరికే కత్తుల టకటక. గాలి చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మళ్లిన రోజున బెల్లం అడుగంటినట్టు ఒక తియ్యని మాడువాసన ఊరంతా కమ్ముకునేది. కొత్తగా వచ్చిన కోడళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని గాలి ఉప్పు లేని కూరలా ఉండేది. చెరుకు ఆకు గీసి కాళ్లకు సన్నటి గాట్లు పడేవి, వాటిమీద నీళ్లు పడితే చుర్రుమనేది. పొద్దు గూకేవేళ తోటల్లోంచి నక్కలు కూసేవి. మా అమ్మకు గడియారం అక్కర్లేదు, మొదటి నక్క కూతకు పొయ్యి వెలిగించేది. బాపు తొలిరోజు బండి కట్టేముందు చెరుకు గడకు దండం పెట్టి మరీ కట్టేవాడు. ప్రపంచం మొదటినుంచీ ఇట్లాగే ఉందనీ, దేవుడు భూమిని చేసేటప్పుడు చెరుకుతోపాటే చేశాడనీ నేను నమ్మాను. పిల్లలందరూ తాము చూసిన మొదటి రోజునే లోకానికీ మొదటి రోజనుకుంటారేమో.

అవ్వ ఒక్కతే నమ్మేది కాదు. సాయంత్రం అరుగుమీద కూర్చుని చెరుకు వైపు చూస్తూ, అది తన దారికి అడ్డం నిలబడ్డ పశువైనట్టు, "జరుగు" అన్నట్టుగా చెయ్యి ఊపేది. "గీ చెరుకు మా చిన్నప్పుడు యాడిది? అంత జొన్నచేను. ఆవల పడావు బీడు, మోకాలెత్తు గడ్డి. గా గడ్డిల బట్టమేకలు తిరుగుతుండె. ఇగ రమ్మన్నా రావు" అనేది. నాకు మేక తెలుసు, బట్ట తెలుసు. బట్ట కట్టుకున్న మేకను ఊహించుకున్నాను. ఎర్ర అంచు చీర కట్టిన మేక ఒకటి చాలాకాలం నా కలల్లో తిరిగింది. ఒకసారి ఉండబట్టలేక, "అవ్వా, దానికి బట్ట ఎవరు కడుతుండె?" అని అడిగితే, అవ్వ నెత్తి కొట్టుకుని, "కట్టుడేంది పోరీ, ఎగురుతది అది!" అంది. అంతే. మేక ఎగురుతుందన్న మాట మా అన్న చెవిన పడింది, అన్న నోట వాడంతా తిరిగింది.

ఆనాటినుంచి అవ్వకు మా వాడలో 'ఎగిరే మేక' అని పేరు పడింది. నీళ్లకు వచ్చినవాళ్లు, "అవ్వా, మేక దిగిందా, ఇంక మొగులు మీదనే ఉన్నదా?" అని పలకరించేవారు. అవ్వ మొదట్లో తిట్టేది. తర్వాత వివరించేది: మెడ తెల్లగా ఇంత పొడుగనీ, నెత్తిమీద నల్లటోపీ ఉంటుందనీ, మిడతలు తింటుందనీ. వివరించినకొద్దీ నవ్వు పెరిగింది. తోడు సాక్ష్యం చెప్పాల్సిన ఆమె ఈడువాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఊళ్లో సగంమంది మంజీర నీళ్లను చేలకు తెచ్చిన కాలువ వచ్చాక భూములకోసం, కూలికోసం వచ్చినవాళ్లు. బాపు కూడా కాలువ వచ్చాక పుట్టినవాడే. అవ్వ కండ్లకు పొరలు కమ్మడం మొదలయ్యాక మా అమ్మ తేల్చేసింది: "ముసల్దానికి దిమాగ్ ఖరాబైంది." బాపు తల్లిని ఎన్నడూ ఎదిరించి ఎరగడు, కానీ ఎవరైనా వస్తే మెల్లగా, "అవ్వా, ఇగ మేక ముచ్చట తియ్యకు, నవ్వుతరు" అనేవాడు. అవ్వ నిజంగానే తియ్యడం మానేసింది. ముందు మేక ముచ్చట మానేసింది, తర్వాత జొన్నచేను ముచ్చట, తర్వాత దాదాపు అన్ని ముచ్చట్లూ. అరుగుమీద కూర్చుంటే మూటలా కనిపించేది. ఆమె మాటకు విలువ పోయింది. విలువతోపాటు మాటే పోయింది.

నన్ను నిజామాబాద్‌లో ఇచ్చారు. ఏడో తరగతితో బడి మానిపించారు కానీ చదువు దాహం మానిపించలేకపోయారు. మా వీధిలో అందరిలాగే బీడీలు చేసేదాన్ని. చుట్టిన కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చేదారిలో గ్రంథాలయం ఉంది. అందులో 'స్త్రీలకు' అని రాసిన బల్ల ఒకటి ఉండేది. స్త్రీలు రారు కనుక అటెండరు దానిమీద తన టిఫిన్ డబ్బా పెట్టుకునేవాడు. నేను వెళ్లిన మొదటిరోజు ఆ డబ్బా తీయడానికి ఆయనకు మనసొప్పలేదు. రెండో రోజునుంచి నేను రాగానే తీసేవాడు. ఏది మంచి పుస్తకమో చెప్పేవాళ్లు లేరు కాబట్టి అలమార కుడికొస నుంచి మొదలుపెట్టాను. బావులు తవ్వడం, పశువుల రోగాలు, రాజ్యాంగం, నక్షత్రాలు, తేనెటీగలు, ఏది దొరికితే అది. చేతికి తంబాకు వాసన ఉండేది, పేజీలకూ అంటుకుని ఉంటుంది. ఇవాళ్టికీ ఆ గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకాలను వాసన చూసి చెప్పవచ్చని గొప్పగా అంటుంటాను.

అట్లా కిందినుంచి రెండో అరలో అట్ట ఊడిపోయిన పక్షుల పుస్తకం చేతికొచ్చింది. పిచ్చుక, కాకి, కొంగ అని తిప్పుకుంటూ పోతున్నాను. ఒక పేజీలో తెల్లటి పొడుగు మెడ, నెత్తిమీద నల్లటోపీ. కింద అచ్చులో 'బట్టమేక పిట్ట'. ఒక్కసారిగా గట్టిగా నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. అటెండరు పరుగెత్తుకొచ్చి, "ఏమైందక్కా, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు. "పోయినోళ్లు దొరికిండ్రు" అన్నాను. మేక కాదు, పిట్ట! మనిషి నడుముదాకా వచ్చే పిట్ట! నేలమీదే తిరుగుతుందట, గడ్డిభూముల్లోనూ జొన్నచేలల్లోనూ మేస్తుందట, ఒక్కటే గుడ్డు, అదీ వట్టినేలమీద పెడుతుందట. అవ్వ చెప్పినవన్నీ వరసగా ఉన్నాయి. పుస్తకం ఇంటికి ఇవ్వరు. అందుకని అవ్వనే పుస్తకం దగ్గరికి తీసుకురావాలనుకున్నాను.

ఊరికి వెళ్లి చెబితే మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "మేకను సూపెట్టనీకి లైబ్రరీకా? అంగడికి తీస్కపో, అగ్గువకు దొరుకుతయి" అంది. బాపు, "కండ్లే కనవడయి, ఇగ బొమ్మ ఏం జూస్తది?" అన్నాడు. అవ్వ మాత్రం మూలకున్న తువ్వాల భుజాన వేసుకుని అప్పటికే వాకిట్లో నిలబడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చూపు ఆనకపోయినా, గాలి పీలుస్తూ, "గిది ఇంక చెరుకే... గిది వరి... గిది పసుపు ఉడకవెడుతుండ్రు" అని దారంతా వాసనతో చదువుకుంటూ వచ్చింది. చాలా రోజులకు విన్నాను ఆమె గొంతు.

లైబ్రేరియన్ సారు కిటికీ వెలుగులోకి బల్ల జరిపించి పుస్తకం పరిచారు. అవ్వ ముక్కు పేజీకి తగిలేంతగా వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. పేపర్లు చదివేవాళ్లు పేపర్లు దించారు. చివరికి, "గింతనేనా?" అంది.

"బొమ్మ అవ్వా అది, అసలుది పెద్దగుంటదట" అన్నాను.

"నాకు జెప్తున్నవా? గీసినోడు దగ్గరికెల్లి జూడలే. మెడ గిట్ల ముడుసుకోదు అది, ఠీవిగ ఉంటది. సూడు."

అవ్వ లేచింది. కొంగు నడుముకు చెక్కింది, చేతులు వెనక్కి మడిచింది, గడ్డం పైకెత్తింది. ఒక్కొక్క అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు, పటేలు తన పొలం గట్టున నడిచినట్టు, అలమారల మధ్య నడిచింది. నడుమ ఆగి, గొంతు ఉబ్బించి, ఛాతీ లోపలినుంచి "హూం... హూం..." అంది. ఖాళీ కాగులో ఎవరో ఊదినట్టుంది ఆ చప్పుడు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కిందే. ఒక్కరూ నవ్వలేదు. పేపరు చదివే ముసలాయన ఒకరు, "ఎగురుతదా అవ్వా?" అని అడిగారు, ఎంతో మర్యాదగా. "ఎందుకెగరది కొడుకా! బరువు గదా, జెర ఉరికి ఉరికి లేస్తది. లేసిందంటె రెక్కల సప్పుడు గుండెల్ల ఇనవడుతది" అంది అవ్వ.

సారు పేజీలో రాసింది పైకి చదివారు. ప్రతి వాక్యానికీ అవ్వ "ఆఁ" అంటూ పోయింది. నీళ్లు పారించి సాగుచేసిన భూముల్లో ఈ పిట్ట నిలవదు, ఇప్పుడు దేశం మొత్తంమీద కొద్దిచోట్లే మిగిలింది అన్న దగ్గర మాత్రం "ఆఁ" అనలేదు. సారు వైపు తిరిగి, "అయితె కాలువనే పంపిందా దాన్ని?" అంది.

పేజీమీది బొమ్మను వేలితో తడిమింది.

"కాలువ రాకముందు గటక తాగి పండుకుంటుంటిమి. గా జొన్నగటక గుడ దినాం ఉండకపోతుండె. కాలువ వచ్చినంక అన్నం తిన్నం. నా పిల్లలు బతికిండ్రంటె గా నీళ్లతోనే. నేను కాలువను తిట్ట. గని పిట్టకు జెప్పినోడు లేడు గదా, ఇగ నీ సోటు పోతున్నదని."

ఊరికి చేరాక బాపు ఎదురొచ్చి, "ఏమవ్వా, కనవడ్డదా మేక?" అన్నాడు. "మేకవు నువ్వురా! అది పిట్ట" అంది అవ్వ. పుస్తకంలో అచ్చయి ఉందని నేను చెప్పగానే వాకిట్లో చేరినవాళ్లు దగ్గరికి జరిగారు. మా అమ్మ చేట పక్కన పెట్టింది. అవ్వ అందరినీ కలియజూసి, "నేను సెప్తె నమ్మలే. కాయితం సెప్తె నమ్మిండ్రు. కాయితం ఏమన్న ఆ సేన్ల పుట్టిందా?" అంది. గ్రంథాలయం చదువంటే గర్వపడే నేను ఆ మాటకు ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను. కానీ ఆ సాయంత్రం నుంచి అవ్వ మళ్లీ మాట్లాడింది. ఎవరూ అడగకపోయినా చెప్పింది. వాడలో ఆడపిల్లలను వరసగా నిలబెట్టి బట్టమేక నడక నేర్పింది. తప్పుగా అడుగు వేస్తే, "అది బాతు నడక, మల్ల నడువు" అని గదమాయించేది. ఆమె కన్నుమూసిన రోజున ఆ నడక వచ్చినవాళ్లం పాడెవెనక చాలామందిమి ఉన్నాం.

తర్వాత చాలా చదివాను. గడ్డిభూములు దున్నడం, నదులకు అడ్డుకట్టలు, గాలి వేడెక్కడం గురించి. సముద్రం అవతల కూడా ఎన్నో ఊళ్లకు పోగొట్టుకున్న బట్టమేక ఒక్కోటి ఉందని తెలిసింది. నా కళ్లముందే ఫ్యాక్టరీ మూతపడింది, బాపు చెరుకు మోళ్లు దున్నించి వరి పెట్టాడు. తోటలు పోయాక నక్కలు దాక్కునే చోటు లేకుండా పోయాయి. పసుపు ఆరబోసుకున్న కళ్లాలమీద కాలం కాని కాలంలో వాన పడుతోంది. సాయంత్రం ఊరికి వెళితే నక్క కూత కోసం చెవి రిక్కిస్తాను, కోతమిషను మోత వినిపిస్తుంది. నక్కల కోసం నేను పడే ఈ తపన బట్టమేకల కోసం అవ్వ పడ్డదే. తేడా ఒక్కటే, నన్ను చూసి ఎవరూ ఇంకా నవ్వడం లేదు. రేపు ఈ వరిచేల మధ్య పుట్టినవాళ్లు దేనికోసం తపిస్తారో నాకు తెలియదు. అదిప్పుడు నా ఎదురుగానే ఉండి ఉంటుంది, నేను గుర్తుపట్టడం లేదు.

ఇంతవరకూ ఎవరి పేరూ చెప్పలేదు. కృతజ్ఞత పేరు లేకుండా చెల్లదు కాబట్టి ఇప్పుడు చెబుతాను. బల్ల జరిపించి, బోర్డును చూడనట్టు నటించిన లైబ్రేరియన్ విఠల్ సారుకు. టిఫిన్ డబ్బా తీసిన యాదగిరన్నకు. ఆ రోజు నా వంతు బీడీ ఆకు కత్తిరించి పెట్టిన మా ఆయనకు, ఆయన పేరు ఈ వయసులో కూడా నోట పలకను కనుక రాసి చూపిస్తున్నాను, నర్సింలు. ఓడిపోవడానికి సిగ్గుపడని మా బాపు గంగారాంకు. అంగడి మాట మళ్లీ ఎన్నడూ ఎత్తని మా అమ్మ రాజవ్వకు. పేరు అడగకుండానే విడిపోయిన ఆ పేపరు ముసలాయనకు. అందరికంటే ముందు మా అవ్వ సాయవ్వకు. ఆమె దగ్గర నడక నేర్చుకున్నవాళ్లలో ఇప్పుడు ఊళ్లో ఎవరూ లేరు. నేను మాత్రం మోకాళ్లు సహకరించిన పూట వంటింట్లో తలుపు వేసుకుని నాలుగడుగులు వేస్తాను. పిట్ట వెళ్లిపోయిన ఇన్నేళ్లకు కూడా దాని నడక ఒక ముసలామె కాళ్లలో ఉందంటే, కాలం తీసుకుపోయేటప్పుడు అన్నీ ఒకేసారి మోయలేదని అర్థం.