షట్టర్ మీద రాసుకున్న పేర్లు

సక్కుబాయి దుకాణంలోకి కొత్త మనిషి ఎవరు అడుగుపెట్టినా, ఆమె మొదట అడిగేది బ్యాగుకు ఏమైందని కాదు. "మిమ్మల్ని ఎవరు పంపిన్రు?" అని అడుగుతుంది. విమానానికి టైమవుతోందని గడియారం చూసుకుంటున్న వాళ్లయినా సరే, దానికి జవాబు చెప్పాల్సిందే. చెప్పాక ఆమె సుద్దముక్క తీసి, షట్టర్ లోపలివైపు ఆ పంపినవాళ్ల పేరు రాసుకుంటుంది. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని బయలుదేరితే, చుట్టాల ఇళ్లకంటే ముందు ఆ పేర్ల వాళ్ల దగ్గరికి పోయి, బంగారమంటూ ఆ ఆకు చేతిలో పెట్టి వస్తుంది.

ఈ అలవాటు ఆమె తండ్రిది. గగన్‌పహాడ్‌లో ఆటో సీట్లు కుట్టిన మనిషి ఆయన. కూతురికి ఇచ్చిపోయిన ఆస్తి ఒక బరువైన ఇనుప కుట్టుమిషను, ఈ ఒక్క ప్రశ్న. విమానాలు శంషాబాద్‌కు వచ్చిన కొత్తలో, ఇక ఆటో సీట్లకంటే సూట్‌కేసులకే ఎక్కువ పని పడుతుందని ఊహించి, సక్కుబాయి మెయిన్ రోడ్డు మీద ఒక దుకాణం కిరాయికి తీసుకుంది. ఆడమనిషి సూట్‌కేసులు బాగుచేయడమేమిటని నవ్వినవాళ్లకు కొదవ లేదు. తర్వాత వాళ్లే తమ బ్యాగులు మోసుకొచ్చారు, ఆ సంగతి మనకెందుకు.

ఆమె పని చూసి తీరాలి. జిప్పు పాడైందని తెస్తే, మొత్తం మార్చాలని చెప్పేవాళ్లే ఎక్కడైనా. సక్కుబాయి రన్నర్‌ను రెండుసార్లు అటూ ఇటూ లాగి, "పళ్లు మంచిగనే ఉన్నయ్, రన్నరే అరిగింది" అని ఐదు నిమిషాల్లో పంపేస్తుంది. చక్రం మార్చిందంటే మాత్రం తొందరపడదు. పాత చీరలో చుట్టిన ఇటుకలు ఆ సూట్‌కేసులో పెట్టి, కంకర మీద వీధి చివరిదాకా ఈడ్చుకుపోయి మళ్లీ ఈడ్చుకొస్తుంది. చక్రం వదులు కాకపోతేనే మనిషికి అప్పజెబుతుంది. యాభై దాటిన మనిషి ఎర్రటెండలో సూట్‌కేసు లాక్కుంటూ పోతుంటే, "ఏ ఊరికి పోతున్నవ్ సక్కక్కా?" అని ఆటోవాళ్లు ఆటపట్టించేవాళ్లు. "లండన్‌కు" అనేది, వెనక్కి కూడా తిరక్కుండా.

పోయినేడాది దసరా వెళ్లిన వారానికే రోడ్డు వెడల్పు పని మొదలైంది. ఆ వరుస దుకాణాలన్నీ ఖాళీ చేయాల్సి వచ్చింది. సక్కుబాయికి దొరికింది కూరగాయల మార్కెట్ వెనక, రెండు మలుపులు తిరిగితే గాని కనపడని ఒక గది. పాత దుకాణం యజమానిని బతిమాలి అక్కడి షట్టర్‌ను విప్పించి తెచ్చుకుంది, పేర్లు చెరిగిపోకుండా దానికి దుప్పటి కప్పి మరీ. పేర్లయితే వచ్చాయి గాని మనుషులు రాలేదు. ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో బోర్డు చూసి ఆగేవాళ్లకు ఆమె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఒక్కోవారం ఒక్క బ్యాగు కూడా వచ్చేది కాదు.

మామిడిపల్లి గోదాంలో ప్యాకింగ్ పని చేసే వదిన కొండమ్మ ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. "మా దగ్గర మనుషులు కావాలంటున్నరు. ఎన్నిరోజులు గిట్ల గోడలు చూసుకుంట కూసుంటవు?"

"మరి మిషన్ ఏంజెయ్యాలె?"

"అమ్ముడే. గోదాంల మిషన్‌తోని ఏం పని?"

సక్కుబాయి కొంగుతో మిషను మీది దుమ్ము తుడిచింది. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మిషనుకు ఏటా దసరాకు ఆయుధ పూజ తప్పలేదు. మొదట తండ్రి బొట్టు పెట్టేవాడు, ఆయన తర్వాత ఆమె. చివరికి అంది, "మల్ల దసరాదాంక చూస్త వదినా. అప్పటికి దుకాణం నిలబడితే మిషన్‌కు పూజ చేస్త. లేకుంటే అమ్మేసి నీ ఎంబడి వస్త."

ఈ మాట తమ్ముడి కూతురు శ్రీలత చెవిన పడింది. ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది ఆ అమ్మాయి. మేనత్తంటే ప్రాణం. "అత్తా, బ్యాగు ఇరిగినోళ్లు ఇప్పుడు రోడ్డు మీద వెతుకుతలేరు, ఫోన్‌ల వెతుకుతున్నరు. మనకొక వెబ్‌సైట్ ఉండాలె" అని పట్టుబట్టి, ఆ పని లక్ష్మణ్‌కు అప్పగించింది.

లక్ష్మణ్‌ది ఫ్లెక్సీల దుకాణం. శంషాబాద్‌లో ఎవరి పుట్టినరోజు వచ్చినా కూడలిలో నిలబడే ఫ్లెక్సీ అతనిదే. వెబ్‌సైట్లు కూడా చేస్తానని ఆ మధ్యే బోర్డు పెట్టాడు. ఫోన్‌లో వెతికితే వచ్చే మొదటి పేజీలో వారంలో నిలబెడతానని మాటిచ్చాడు, తనకు తెలిసిన విద్యలోనే పని ముగించాడు. పైన ఎల్లమ్మ తల్లి, మూలన తండ్రి ఫొటో, నడుమ దండం పెడుతున్న సక్కుబాయి, ఆమె తల మీదుగా ఎగిరిపోతున్న విమానం, కింద గుండ్రటి బొమ్మల్లో శుభాకాంక్షలు తెలిపే చుట్టాలందరూ. తన ఫొటో కొండమ్మ ఫొటోకంటే చిన్నగా పడిందని ఒక బాబాయి అలిగితే, అది సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఇన్ని ఉన్న ఆ పేజీలో, చక్రాలు మారుస్తారనో జిప్పులు కుడతారనో చెప్పే ముక్క ఒక్కటి లేదు.

లక్ష్మణ్ అందరి ముందూ ఫోన్‌లో "సక్కుబాయి బ్యాగ్ వర్క్స్" అని కొట్టాడు. అన్నిటికంటే పైన అదే వచ్చింది. జిలేబీలు పంచారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం ఆ పేరు కొట్టి చూసుకోవడం, మురిసిపోవడం. రెండు నెలలు గడిచినా వెబ్‌సైట్ చూసి వచ్చిన మనిషి ఒక్కడు లేడు.

శ్రీలతకు అనుమానం వచ్చింది. ఆఫీసులో ఒకామె ఫోన్ తీసుకుని, అత్త పేరు తెలియని మనిషి ఎలా వెతుకుతాడో అలా, "ఎయిర్‌పోర్ట్ దగ్గర సూట్‌కేస్ రిపేర్" అని కొట్టింది. పెద్ద పెద్ద దుకాణాలు వచ్చాయి, పాత పాత సైట్లు వచ్చాయి. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి పోయినా సక్కుబాయి రాలేదు. ఎందుకిలా అని ఆ పిల్ల పది రోజులు కూర్చుని చదివింది. చదివింది చెప్పడానికి భయపడుతూనే అత్త దగ్గరికి వచ్చింది.

"మనమంత నీ పేరు కొట్టి మురిసినం అత్తా. నీ పేరు తెలిసినోడు నెట్‌ల ఎందుకు వెతుకుతడు, సీదా ఇక్కడికే వస్తడు. తెల్వనోళ్లకు మనం కనపడుతలేం."

"ఎందుకు కనపడం?"

"లక్ష్మణన్న చేసింది అంత కలిపి ఒక్కటే బొమ్మ. బొమ్మల ఏమున్నదో సెర్చ్‌కు సక్కగ సమజ్ కాదు, అక్షరాలు రాయాలె. రాసినా కొత్త సైట్‌ను జల్ది నమ్మదు. ఏండ్ల సంది ఉన్నయి ముందల నిలబడ్డయ్. వాటి గురించి వేరేటోళ్లు వాళ్ల సైట్లల్ల రాసిన్రు, అటు పోండ్రి అని దారి చూపిచ్చిన్రు. మనకు అట్ల దారి చూపిచ్చినోళ్లు ఒక్కరు లేరు."

అత్త దిగులు పడుతుందనుకుంది శ్రీలత. సక్కుబాయి మాత్రం షట్టర్ వైపు చూసి నవ్వింది. "అంటే అది గూడ ఎవరు పంపిన్రని అడుగుతుందన్నట్టు."

అప్పుడు చెప్పింది పాత సంగతి. మెయిన్ రోడ్డు మీద మొదట దుకాణం తెరిచినప్పుడు మూడు నెలలు ఈగలు తోలుకుంది. ఆమె చేతిలో పనితనం ఉందని ఎవరికి తెలుసు? ఎదురుగా చాయ్ బండి దుర్గవ్వ తన తెగిన సంచి కుట్టించుకుని, అది రెండు నెలలైనా తెగకపోయేసరికి, చాయ్ తాగడానికి వచ్చిన వాళ్లలో ఒకణ్ని పంపింది. షట్టర్ మీద అన్నిటికంటే పైన ఉన్నది దుర్గవ్వ పేరే.

"తెల్వని దుకాణానికి ఊకెనే మనిషిని ఎవరు పంపుతరు బిడ్డా? అది చేసేదాంట్ల తప్పేం లేదు" అంది సక్కుబాయి. "నా దగ్గరికొచ్చినోళ్లు రోజూ ఏమేం అడుగుతరో నేను చెప్త. నువ్వు అదే రాయి."

చుట్టాల బొమ్మలన్నీ తీసేశారు. చుట్టాలు అలిగారు. సక్కుబాయి అలగనిచ్చింది. ఆఫీసు నుంచి వస్తూ శ్రీలత రోజూ దుకాణంలో ఆగి, స్టూలు మీద కూర్చుని, అత్త నోటి మాటలు రాసుకునేది. నంబరు తాళం మర్చిపోతే ఏం చేయాలి, లోపలికి పోయిన పిడి ఎందుకు బయటికి రాదు, వానకు తడిసిన బ్యాగును ఎలా ఆరబెట్టాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ.

ఎండలు ముదిరే రోజుల్లో చిన్మయి అనే అమ్మాయి వచ్చింది. దుర్గవ్వే పంపింది. గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసు, చక్రం దగ్గర పగిలింది. ఆ వారంలో దుకాణం గడప తొక్కిన మనిషి ఆమె ఒక్కతే. సక్కుబాయి పగులు పక్కన బొటనవేలితో నొక్కింది. డొప్ప లోపలికి పోయింది.

"ఇది బాగుచెయ్యద్దమ్మా. రెండు రివెట్లు కొట్టి ఇయ్యొచ్చు. విమానంల ఎత్తి పడేస్తే మల్ల ఇరుగుతది, నీ బట్టలు ఊరంత పడ్తయ్. వేరేది కొనుక్కో."

పక్కనే రాసుకుంటున్న శ్రీలత తలెత్తి చూసింది. పని లేక మిషన్ అమ్ముకునే స్థితిలో, వచ్చిన ఒక్క బేరాన్నీ అత్త కాదని పంపుతోంది. అయినా ఆ సాయంత్రం అది కూడా రాసింది. ఏ సూట్‌కేసు బాగు చేయించకూడదు, ఇంట్లోనే నొక్కి ఎలా తెలుసుకోవాలి అని ఒక పేజీ. లక్ష్మణ్ అది చూసి తల పట్టుకున్నాడు. "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఇదే. మా దగ్గరికి రావొద్దని ఏ దుకాణమోడన్న రాస్తడా అక్కా?"

"నేను రాస్త" అంది సక్కుబాయి.

చిన్మయికి ప్రయాణాల గురించి రాసుకునే సొంత సైట్ ఒకటి ఉంది. చాలా ఏళ్లుగా జనం చదువుతున్నది. శంషాబాద్‌లో ఒకామె తన బేరం వదులుకుని నిజం చెప్పిందని అందులో రాసి, సక్కుబాయి పేజీకి దారి కూడా ఇచ్చింది. శ్రీలత ఆ సంగతి చూపించిన రోజే షట్టర్ మీద చిన్మయి పేరు ఎక్కింది.

అయినా ఎవరూ రాలేదు. ఎండలు పోయి వానలు వచ్చాయి, బోనాలూ అయిపోయాయి. గగన్‌పహాడ్ నుంచి ఒకాయన మిషన్ బేరానికి వచ్చి, చక్రం తిప్పి చూసి, దసరా ముందు తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు. సక్కుబాయి సరేనంది. ఆయన వెళ్లాక మిషనుకు నూనె వేసింది, రోజూ వేసినట్టే. ఆ పూట ఆమె కళ్లు తడిశాయని కొండమ్మ చెబుతుంది.

వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజున ఒక పెద్దమనిషి దారి అడుగుతూ అడుగుతూ, ఎర్ర సూట్‌కేసుతో ఆ గదిముందు ఆగాడు.

"నమస్కారమండి. సక్కుబాయి గారంటే మీరేనా? నా పేరు నరసరాజు. అత్తాపూర్ నుంచి వస్తున్నాను."

"మిమ్మల్ని ఎవరు పంపిన్రు సార్?" అంది సక్కుబాయి, చెయ్యి సుద్దముక్క వైపు పోతుండగా.

"ఎవరూ పంపలేదండి. చక్రం దగ్గర పగిలిన సూట్‌కేసు బాగవుతుందా అని ఫోన్‌లో వెతికాను. అన్నింటికంటే ముందు మీ పేజీయే వచ్చింది. మిగతా వాళ్లందరూ మా దగ్గర బాగవుతుందనే రాశారు. ఎప్పుడు బాగవదో మీరొక్కరే రాశారు." ఆయన ఫోన్ తీసి చదివాడు. "పగులు పక్కన బొటనవేలితో నొక్కండి, లోపలికి పోతే మా దగ్గరికి రావొద్దు, పోకపోతే రండి. నొక్కానండి. పోలేదు. అందుకే వచ్చాను."

ఆ మాటలు తనవే. ఎండాకాలం ఒక సాయంత్రం ఇదే గదిలో అన్నవి. ఎవరో తెలియని మనిషి వాటిని పట్టుకుని అత్తాపూర్ నుంచి ఇంత దూరం వచ్చాడు. సక్కుబాయి సూట్‌కేసును దగ్గరికి లాక్కుంది. తర్వాత తనూ నొక్కి చూసింది. "పై పగులే సార్, లోపల గట్టిగున్నది. గంటల అయిపోతది."

చక్రం మార్చి, అడుగున పట్టీ వేసి, ఇటుకలు నింపింది. నరసరాజు కంగారుగా చూస్తుండగానే సూట్‌కేసును ఈడ్చుకుంటూ వీధిలోకి నడిచింది. మార్కెట్ దగ్గర ఆటోవాడొకడు తల బయటపెట్టాడు. "ఏ ఊరికి పోతున్నవ్ సక్కక్కా?"

"లండన్‌కు" అంది. ఆ మాట అని ఏడాది కావస్తోంది.

సాయంత్రం శ్రీలత వచ్చేసరికి ఆమె షట్టర్ ముందు సుద్దముక్కతో నిలబడి ఉంది. "ఇయాల ఒకాయన వచ్చిండు. ఎవరూ పంపలేదంటడు. ఎవరి పేరు రాయాలె బిడ్డా?"

విషయం విని శ్రీలత ఎగిరి గంతేసింది. "నీ మాటలే పంపినయ్ అత్తా. నీ పేరే రాస్కో."

"నా చేతుల నేనే జమ్మి పెట్టుకోవాల్నా?" అంది సక్కుబాయి. రాయకుండానే సుద్దముక్క పక్కన పెట్టింది.

ఆ వారం ఇంకో ఇద్దరు వచ్చారు. పై వారం ఒకామె తన తమ్ముణ్ని పంపింది. బతుకమ్మ పండుగ నాటికి గదిలో బ్యాగులు పెట్టే చోటు చాలక, గడప బయట బల్ల వేయాల్సి వచ్చింది. మిషన్ బేరం చేసిన మనిషికి సక్కుబాయి ఫోన్ చేసి, ఏమనుకోవద్దని చెప్పింది.

దసరా పొద్దున మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొండమ్మే వచ్చి కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రం జమ్మి తెచ్చుకున్నాక, ఎప్పటిలాగే దుర్గవ్వ చాయ్ బండి దగ్గరికే మొదట పోతుందని అందరూ అనుకున్నారు. ఆమె తమ్ముడి ఇంటికి నడిచింది. వాకిట్లో ముగ్గు సరిచేస్తున్న శ్రీలత చెయ్యి పట్టుకుని, అరచేతిలో జమ్మి ఆకు పెట్టింది.

శ్రీలత కంగారుపడి లేచింది. "ఏంది అత్తా గిట్ల? చిన్నదాన్ని, నేను గద నీకు బంగారమిచ్చి కాళ్లు మొక్కాలె."

"చిన్న పెద్ద నాకు తెల్వదు" అంది సక్కుబాయి. "పొద్దుగాల పూజ అయినంక షట్టర్ మీద నీ పేరు రాసిన."